చిలక అప్పగింతలు

అమావాస్య. పోటు రాత్రి ఎనిమిదిన్నరకి. గాలి దక్షిణం నుంచి.

పోటు ఆఫీసు మూతపడి ఏళ్ళయింది. సముద్రం ఎంత లేచింది, ఎంత దిగింది అని రోజూ కొలిచి రాయడం అక్కడ నా ఉద్యోగం. ఇప్పుడు ఆ రాతలు అడిగే నాథుడు లేడు. అయినా పొద్దున్నే తిథి, పోటు వేళ రాయందే చెయ్యి ఊరుకోదు. దాని కిందే ఇంటి సంగతులు కూడా రాసుకుంటాను. ఎవరూ చదవరు కాబట్టి ఎవర్ని ఎన్ని తిట్టినా అడిగేవాళ్ళుండరు.

ఇవాళ్టి సంగతేమిటంటే, మా కారుకి నూకలు చెల్లాయి.

పొద్దున అద్దాల మీద ఉప్పు తుడుస్తుంటే కట్ట కమిటీ వాళ్ళు అంటించిపోయిన కాగితం కనిపించింది. పున్నమి దాటాక పాత రకం బళ్ళకి చార్జింగ్ ఇవ్వరట. మార్పిడి షెడ్డులో పాతది ఇచ్చేసి కొత్త రకం తీసుకోవాలట. కింద "సహకరించగలరు" అని ఒక మర్యాద. సహకరించక ఏం చేస్తాం? పాత ఊరు సముద్రంలో కలిశాక మిగిలింది ఈ కట్ట ఒక్కటే, కట్ట మీద చార్జింగ్ ఇచ్చేది వాళ్ళొక్కరే.

మా బండి పేరు చిలక. పచ్చగా ఉంటుంది, నోరు మూతపడదు. పేరు పెట్టింది మా ఆయన గవర్రాజు. ఆయన బోటు ఇంజన్లు బాగుచేసేవారు. చెవి ఆనించి విని, ఇంజనుకి ఏం జబ్బో చెప్పేసేవారు. ఇప్పుడు ఆయనకే జబ్బు, మరుపు. మొదట పక్కింటివాళ్ళ పేర్లు పోయాయి, తర్వాత వస్తువుల పేర్లు, ఈమధ్య మాటలే పోతున్నాయి. పెరట్లో ఉన్న బాత్రూముకి దారి ఎటని ఒక్కోసారి నన్నడుగుతారు.

కానీ సాయంత్రం నాలుగున్నర అయ్యేసరికి ఆయనకి ఎవరూ ఏదీ గుర్తు చేయక్కర్లేదు. చొక్కా మార్చుకుని, తల దువ్వుకుని, చిలకలో కూర్చుని "పద" అంటారు. ఆ ఒక్క మాటే. అది ఎక్కడికో తీసుకెళ్తుంది, ఆరు లోపల తెచ్చి దింపుతుంది. ఎక్కడికని నేనెప్పుడూ అడగలేదు. కట్ట కొసదాకా గాలికి వెళ్తారనుకున్నాను. నిజం చెప్పొద్దూ, ఆ కాసేపూ నాది. స్నానం చేసి, కాళ్ళు బారజాపుకుని, వేడి టీ వేడిగా తాగేది ఆ వేళలోనే. మిగతా రోజంతా నా టీ చల్లారిపోతూనే ఉంటుంది.

"పున్నమి దాటాక నాకు చార్జింగ్ ఉండదండీ. షెడ్డులో ఎల్లుండి పొద్దున ఖాళీ ఉంది, వెళ్దామా?" అంది చిలక, ఎవరి సంగతో చెబుతున్నట్టు.

వెళ్దాంలే అన్నాను.

విదియ. పోటు రాత్రి పది తర్వాత. మబ్బు.

మార్పిడి షెడ్డు కట్టకి ఉత్తరం కొసన ఉంది. పాత బళ్ళు ఎండలో, కొత్త బళ్ళు నీడలో. ఎవరికెంత మర్యాదో గేట్లోనే తెలిసిపోతుంది. అమ్మకాలు చూసే మనిషి పేరు నూకరాజు, ముప్పై ఏళ్ళుంటాయి. చిలక తలుపులు తీశాడు, వేశాడు, వంగి కింద చూశాడు. చూసిన ప్రతిదానికీ నాలుక చప్పరించాడు.

"ఉప్పు బాగా తినేసిందండమ్మా."

"కట్ట మీద ఉప్పు తినని బండి ఉంటే చూపించు నాయనా."

"ఈ సొట్టేంటండి?"

"మేక."

"మేకకి తగిలితే ఇంత సొట్ట పడద్దేంటండి?"

"బండి దాని జోలికి పోలేదు. అదే వచ్చి పొడిచింది."

వెనక సీట్లో కూర్చున్న మా ఆయన ముసిముసిగా నవ్వారు. ఆ మేక ఆయనకి గుర్తుంది కాబోలు. చిలకకి నూకరాజు ఎంత కట్టాడో ఇక్కడ రాయను, దానికి అవమానం.

నీడలోంచి ఒక బూడిద రంగు బండిని తెచ్చి నిలబెట్టాడు. బాగానే ఉంది. కొత్త చెప్పుల వాసన వేస్తోంది.

"ఈయన నడుం మంచిది కాదు. వంతెన దగ్గర ఎక్కడ నెమ్మదించాలో చిలకకి తెలుసు. దీనికెలా తెలుస్తుంది?" అని అడిగాను.

"దానికే కదండీ అప్పగింతలు పెట్టింది. పున్నమి దాకా పాతది ముందు, కొత్తది వెనక తిరుగుతాయండి. మీరు రోజూ వెళ్ళే చోట్లకి రోజూ వెళ్ళినట్టే వెళ్ళాలి. మొదలు నుంచి చివరిదాకా తిరిగితేనే అది నేర్చుకుంటాది. నోటితో చెప్తే ఒంటబట్టదండి. యజమాని బండిలో ఉండాలి, అదొక్కటీ మర్చిపోకండి. లేపోతే దొంగబళ్ళు కూడా నేర్చేసుకుంటాయని రూలు."

యజమానిని నేనే. ఆయన సంతకం పెట్టలేకపోయిన నాటి నుంచీ బండి నా పేరు మీదే ఉంది.

"మరి అప్పగింతలయ్యాక చిలకని ఏం చేస్తారు?"

"కడిగేస్తామండి."

"నీళ్ళతోనా?"

"కాదండి. లోపల గుర్తున్నదంతా," అని నూకరాజు ఆయన వైపు చూసి గొంతు తగ్గించాడు.

చవితి. పోటు రాత్రి పదకొండు దాటాక. ఎండ చంపేస్తోంది.

కొత్త బండి ఇంటికొచ్చింది. పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాను. "చక్రాల కింద అడ్డం ఉంది. తొలగించండి" అంటుంది తప్ప ఒక్క అంగుళం కదలదు. నేను బతిమాలాను, తిట్టాను. ఆఖరికి ఆయనే లేచి, ఆ నిమ్మకాయలు తీసి చిలక చక్రాల కింద పెట్టారు. చిలక వాటిని టప్పున తొక్కేసి ముందుకెళ్ళింది. తర్వాత మళ్ళీ రెండు నిమ్మకాయలు పెడితే కొత్తది కూడా తొక్కింది, కళ్ళు మూసుకుని మందు మింగినట్టు. "నేర్చుకున్నాను" అంది. ఆయన పళ్ళు కనిపించేలా నవ్వారు. ఎన్నాళ్ళకో.

మంచినీళ్ళ షెడ్డు, ఆస్పత్రి, కూరల సంత, అన్నిటికీ తిరిగాం. వెళ్ళొచ్చిన ప్రతిసారీ కొత్తది "నేర్చుకున్నాను" అంటుంది. ఇంత బుద్ధిగా నేర్చుకునేవాళ్ళు మా ఆఫీసులో ఒక్కరైనా ఉంటే బాగుండేది.

సాయంత్రం ఆయన తల దువ్వుకుని వచ్చారు. యజమాని ఉండాలి కదాని నేను ముందే చిలకలో ఎక్కి కూర్చున్నాను. ఆయన నన్ను చూసి, నా పక్కనే కూర్చుని, నా చెయ్యి పట్టుకుని ఊరుకున్నారు. "పద" అనలేదు.

"ఎక్కడికండీ?" అంది చిలక.

"ఎక్కడికేంటి? ఇంటికే."

మేమున్నది ఇంటి ముందే. కాసేపటికి నాకు వేరే దారి లేక దిగిపోయాను.

సప్తమి. పోటు మధ్యాహ్నం రెండింటికి, చిన్నది. గాలి లేదు.

మూడు సాయంత్రాలూ అదే వరస. నేను బండిలో ఉంటే ఆయన "పద" అనరు. నేను దిగిపోతే అంటారు, కానీ యజమాని లేదని కొత్త బండి వెనక వెళ్ళదు. నా మీద అలకేమో అనుకుని నిన్న గట్టిగా కసిరాను కూడా.

ఇవాళ ఇంకోటి జరిగింది. చిలక చార్జింగులో ఉంటే ఆయన వెళ్ళి కొత్త బండిలో కూర్చున్నారు. నేను వంటింట్లోంచి చూస్తున్నాను.

"పద," అన్నారు.

"ఎక్కడికో చెప్పండి."

"పదమంటుంటే..."

"దయచేసి ఎక్కడికో చెప్పండి."

ఆయన నోరు తెరిచారు, మాట దొరకలేదు. చేత్తో గాలిలో దారి గీసి చూపించారు. అది మళ్ళీ అలాగే అడిగింది. అడిగిన ప్రతిసారీ ఆయన మొహం ఇంకాస్త చిన్నబోయింది. ఆఖరికి దిగి వచ్చి, గుమ్మంలో నిలబడి, "నాకు తెలీడం లేదు రత్నం" అన్నారు. కళ్ళ నిండా నీళ్ళు.

చిలక పోయాక రోజూ ఇదే జరుగుతుంది. ఆయనకింకా తనంతట తానుగా చేయగలిగింది ఆ ఒక్క ప్రయాణమే. అది కూడా పోతే ఇక మంచమే గతి. ఎలాగైనా సరే, పున్నమి లోపల ఆ ప్రయాణం కొత్త బండికి నేర్పించి తీరాలి.

ఆయన్ని వెంటబెట్టుకుని షెడ్డుకి పరిగెత్తాను. "పోనీ బండిని మళ్ళీ ఆయన పేరు మీదే రాసేయ్, అప్పుడు నేను లేకపోయినా చెల్లుతుంది కదా" అన్నాను. సంతకం రాకపోయినా ఫర్వాలేదు, నోటితో చెప్తే చాలన్నాడు నూకరాజు. ఆయన్ని పక్కకి తీసుకెళ్ళి చిలక్కి చెప్పినట్టు చెప్పాను, "బండి ఎవరిదంటే నాదే అనండి" అని.

"బాబాయ్ గారూ, ఈ బండి ఎవరిదండీ?" అని అడిగాడు నూకరాజు.

ఆయన నిటారుగా కూర్చున్నారు. "మా ఆవిడది. పోటు ఆఫీసులో పనిచేస్తాది," అన్నారు, గొప్పగా.

నూకరాజు నా వైపు చూశాడు. నేను గోడ వైపు చూశాను.

మేము వచ్చేస్తుంటే వెనకే వచ్చాడు. "అమ్మా, రూలు ఇంకోసారి చదివానండి. యజమాని బండిలో ఉండాలన్నారు గానీ ఏ బండిలోనో అన్లేదు. మీరు కొత్తదాన్లో కూర్చుని ఆయన వెనకాల వెళ్తే సరిపోద్దండి."

నవమి. పోటు సాయంత్రం మూడున్నరకి, చిన్నది. చినుకులు.

కొత్త బండి వెనక సీట్లో ఆయనకి కనపడకుండా ముడుచుకుని పడుకున్నాను. ఈ వయసులో చేయాల్సిన పనేనా ఇది. ఆయన చిలక ఎక్కి "పద" అన్నారు. చిలక కదిలింది, దాని వెనక మేము.

కట్ట కొసకి వెళ్ళలేదు. మధ్యలోనే పాత లారీల రోడ్డులోకి దిగింది. ఆ రోడ్డులో ఏ గుంత ఎక్కడుందో నాకు తెలుసు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ తిరిగిన రోడ్డది.

పోటు ఆఫీసు గేటు ముందు ఆగింది చిలక. ఆఫీసు లేదు. రెండు స్తంభాలు, గేటు, కాస్త ప్రహరీ గోడ, అంతే మిగిలాయి. గేట్లోంచి చూస్తే సముద్రం. చిలక ఎడం వైపు స్తంభం పక్కన ఆగింది. మా స్కూటరు రోజుల్లో, తర్వాత చిలక వచ్చాక కూడా, ఆయన ఆగే చోటు అదే. బోట్ల పని నాలుగింటికే ముగించుకుని, నాకు ఆఫీసు వదిలే ఐదింటికల్లా వచ్చి అక్కడ నిలబడేవారు. ఒక్కరోజు కూడా మానలేదు.

ఆయన దిగారు. జేబురుమాలు తీసి పక్క సీటు తుడిచారు. నేనెక్కే ముందు ఎప్పుడూ అలాగే తుడిచేవారు. గేటు దగ్గరికెళ్ళి, చేతులు వెనక్కి కట్టుకుని, లోపలికి చూస్తూ నిలబడ్డారు. చినుకు పడుతున్నా కదల్లేదు. నన్ను తీసుకెళ్ళడానికొచ్చారు. రోజూ ఇందుకే వస్తున్నారు, నేనింట్లో కాళ్ళు బారజాపుకుని టీ తాగుతున్న వేళ.

నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చాను.

కాసేపయ్యాక చిలక మాట్లాడింది. "అమ్మగారు ముందే బయల్దేరిపోయారండయ్యగారూ. ఇంటికెళ్తే ఉంటారు."

ఉలిక్కిపడ్డాను. అవి చిలక మాటలు కావు, మా ఆఫీసు వాచ్‌మన్ సత్తెయ్యవి. నేను పెందరాళే వెళ్ళిపోయిన రోజుల్లో ఆయనతో సరిగ్గా అలాగే, అదే సాగదీతతో చెప్పేవాడు. ఆఫీసు పోయింది, సత్తెయ్య పోయాడు, ఆ మాట మాత్రం చిలక దగ్గర ఉండిపోయింది.

"అలాగా. చినుకులు కదా, తడిసిపోద్దేమో అనుకున్నాను," అని ఆయన నెమ్మదిగా బండెక్కారు.

వెనకే నేనూ వచ్చాను. ఆ వెనక రావడమే కొంప ముంచింది. ఆయన ఇంట్లోకెళ్ళే వేళకి నేనింకా సందు మలుపులో ఉన్నాను. ఇంట్లో రత్నం లేదు. గదులన్నీ వెతికి, పెరట్లోకెళ్ళి, నా పేరు పెట్టి అరుస్తూ వీధిలోకి వచ్చేశారు. మళ్ళీ చిలక ఎక్కి, "గేటుకి పద, గేటుకి" అంటున్నారు. నేను దిగి పరుగున వెళ్ళి పట్టుకున్నాను.

"అక్కడా లేవు. ఇక్కడా లేవు," అన్నారు. నా చెయ్యి వదల్లేదు.

"ప్రయాణం ముగియలేదు. నేర్చుకోలేదు," అంది కొత్త బండి.

ఏకాదశి. పోటు సాయంత్రం ఐదింటికి, చిన్నది. తెరిపి ఇచ్చింది.

నిన్నంతా ఆలోచించాను. నేను ఒకేసారి ఇంట్లోనూ బండిలోనూ ఉండలేను. బండిలో ఉండక తప్పదు కాబట్టి, ఆయన వెతికే చోట, గేటు దగ్గరే కనపడాలి.

ఆఫీసు చీర కట్టుకున్నాను, గళ్ళది. పాత హ్యాండ్‌బ్యాగు దులిపాను. కొత్త బండి వెనక సీట్లో పడుకుని వెళ్ళాను. ఆయన సీటు తుడుస్తుండగా రెండో వైపు నుంచి దిగి, విరిగిన ప్రహరీ చాటు నుంచి లోపలికెళ్ళి, అలల తడిలో నాలుగడుగులు నడిచి, గేటు తోసుకుని బయటికొచ్చాను.

ఆయన మొహం ఎలా వెలిగిందో రాయడానికి ఈ చెయ్యి చాలదు. ఎన్నేళ్ళుగానో ఖాళీ గేటుని చూసి తిరిగొస్తున్న మనిషి.

"ఆలస్యమైంది?"

"లెక్కలు తేల్లేదండి," అన్నాను, ఎప్పుడూ అన్నట్టే.

నా బ్యాగు అందుకున్నారు. తలుపు తీశారు. దారంతా బోటు ఇంజన్ల గురించి చెప్పారు, ఎవడో గేరు విరగ్గొట్టాడట. చాలా మాటలు దొరికాయి ఇవాళ ఆయనకి.

ఇంటి ముందు ఆగగానే "నేర్చుకున్నాను" అంది కొత్త బండి. నూకరాజుకి కబురు పంపాను, పనైపోయిందని. పెద్ద తెలివైనదాన్నని మురిసిపోయాను కూడా.

పౌర్ణమి. పోటు రాత్రి ఎనిమిదిన్నరకి, పెద్దది.

చిలకని ఇచ్చేశాం. ఆయన్ని కొత్త బండిలో కూర్చోబెట్టి నేనొక్కదాన్నే లోపలికెళ్ళాను.

"ఏవన్నా చెప్పుకుంటారా అండి? చాలామంది చెప్పుకుంటారు," అని నూకరాజు కాస్త దూరం జరిగాడు.

బండితో చెప్పుకునేదేముంటుంది? అయినా అడిగాను. "చిలకా, ఆయన రోజూ గేటుకొస్తున్నారని నాకెందుకు చెప్పలేదే?"

"మీరు అడగలేదండీ."

"ఊళ్ళో సంగతులన్నీ అడక్కుండానే వాగుతావు కదా."

"నేను చెప్తే మీరు టీ తాగడం మానేస్తారని అయ్యగారన్నారండీ. ఆ మాట అని చాలా రోజులైందండీ. అప్పటికింకా ఆయనకి బాగానే మాటలొచ్చేవి."

సీటు మీద చెయ్యి వేసి నిలబడ్డాను. ఆయన తుడిచి తుడిచి ఆ చోట నున్నబడిపోయింది. నూకరాజు వచ్చి ఏదో నొక్కాడు. పచ్చ దీపం ఆరి, మళ్ళీ వెలిగింది.

"చిలకా," అన్నాను.

"స్వాగతం. మీ పేరు చెప్పండి," అంది.

బయటికొచ్చేశాను. నూకరాజు కొత్త బండి తలుపు తీసి పట్టుకున్నాడు.

బహుళ పాడ్యమి. పోటు రాత్రి తొమ్మిదికి, ఇది కూడా పెద్దదే.

తడిసిన చీర మార్చుకుని ఇప్పుడు కూర్చున్నాను రాయడానికి.

సాయంత్రం ఆయన తల దువ్వుకుని కొత్త బండెక్కారు. "పద" అన్నారు. కిమ్మనకుండా కదిలింది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆయనతో గేటుకి వెళ్ళొద్దామా అని ఒక్క క్షణం అనిపించింది, కానీ నేనెక్కితే ఆయన కదలరు. సరేలే, అది చూసుకుంటుంది, ఆయన వచ్చేసరికి గుమ్మంలో నవ్వుతూ నిలబడాలి అనుకున్నాను.

ఆరైంది, రాలేదు. ఆరున్నరైంది. బండికి ఫోను చేశాను.

"ప్రయాణం మధ్యలో ఉంది," అంది.

"ఎక్కడ మధ్యలో?"

"రత్నం గారు బండెక్కడం కోసం ఆగి ఉంది."

అప్పుడు తట్టింది. చిలక వేరు. అది కాసేపు చూసి, సత్తెయ్య మాట చెప్పి, వెనక్కి తిప్పుకొచ్చేది. కొత్తది నేర్చుకున్నదల్లా ఏకాదశి నాటి ప్రయాణమే. అందులో నేను గేట్లోంచి వచ్చాను, బండెక్కాను, అప్పుడు కదిలాం. నేను ఎక్కేదాకా కదలకూడదని నేనే దానికి నేర్పాను. పైగా ఇవాళ పెద్ద పోటు. ఏడు దాటితే లారీల రోడ్డు మీదికి నీళ్ళొస్తాయి. జన్మంతా పోటు వేళలు రాసినదాన్ని, ఇది ఎలా తోచలేదు నాకు?

"ఇంటికి రా!" అని అరిచాను. "ప్రయాణం మధ్యలో ఉంది," అంది మళ్ళీ.

ఫోను చేస్తే నూకరాజు తన బండేసుకుని వచ్చాడు, తింటున్న అన్నం వదిలేసి. మేము వెళ్ళేసరికి నీళ్ళు చక్రాల సగం దాకా వచ్చాయి. వెన్నెల్లో గేటు కూడా నీళ్ళలోనే ఉంది. ఆయన బండిలో కాళ్ళు సీటు మీద పెట్టుకుని కూర్చుని ఉన్నారు, జేబురుమాలు చేతిలో పట్టుకుని. నేను మోకాళ్ళ లోతులో నడిచి వెళ్ళి తలుపు తీశాను.

"ఇవాళ బాగా ఆలస్యమైంది," అన్నారు. కోపం లేదు. "పని ఎక్కువా?"

"అవునండి."

నేనెక్కాను. బండి వెంటనే కదిలింది, నీళ్ళు చీల్చుకుంటూ.

బహుళ తదియ. పోటు రాత్రి పదిన్నరకి. గాలి బాగుంది.

నూకరాజు బండిని షెడ్డులో ఇటు తిప్పి అటు తిప్పి చూశాడు.

"అప్పగింతల్లో వచ్చింది ఒక్కటే తీయడం అవ్వదండమ్మా. తీస్తే అన్నీ పోతాయి. ఆస్పత్రి దారి, వంతెన కాడ నెమ్మదించడం, అన్నీ. మళ్ళీ నేర్పడానికి చిలక లేదు కదండీ."

"పోనీ ఆయన్ని ఇంట్లోనే కూర్చోబెడితే?" అన్నాను, నాతో నేనే.

"బాబాయ్ గారు ఊరుకుంటారా అండి?"

ఊరుకోరు. ఊరుకున్న రోజు నేను చూడలేను. అంచేత నిర్ణయించుకున్నాను. నాలుగింటికి షేర్ ఆటోలో లారీల రోడ్డు మలుపు దాకా, అక్కణ్ణించి నడక. ఆయన వచ్చేసరికి ప్రహరీ లోపల ఉంటాను. ఇక టీ అంటారా, ఫ్లాస్కులో పోసుకుని తీసుకెళ్తాను. గోడ మీద కూర్చుని, సముద్రాన్ని చూస్తూ తాగుతాను. ఎన్నాళ్ళుగానో ఆయనొక్కరే వెళ్ళారు అక్కడికి.

బహుళ దశమి. పోటు సాయంత్రం నాలుగుంపావుకి, చిన్నది.

రోజూ వెళ్తున్నాను. చీర అంచు ఉప్పు పట్టి అట్టకట్టింది. మోకాళ్ళు నన్ను తిడుతున్నాయి. ఆటో అబ్బాయి నేనింకా ఉద్యోగం చేస్తున్నాననే అనుకుంటున్నాడు, "సెలవులివ్వరా అండి మీకు?" అని అడిగాడు.

ఆయన మాత్రం ఇంజన్ల కబుర్లు తగ్గించారు. నిన్న దారిలో ఒక్క మాటా లేదు. సీటు తుడవడం మాత్రం మానలేదు.

అమావాస్య. పోటు రాత్రి ఎనిమిదిన్నరకి. గాలి దక్షిణం నుంచి.

ఇవాళ గేటు తోసుకుని బయటికొస్తే ఆయన మొహం వెలగలేదు. నన్ను చూశారు, పక్కకి తప్పుకుని దారిచ్చారు. పరాయి ఆడవాళ్ళకి ఇచ్చినట్టు.

"అమ్మా," అన్నారు మర్యాదగా. "లోపల రత్నం అని పనిచేస్తాది. కాస్త పిలుస్తారా?"

సముద్రం పొంగుతోంది. నేనే రత్నాన్ని అనొచ్చు. ఆయన నమ్మకపోతే? నాకు తెలీడం లేదు అని మళ్ళీ ఆ మొహం పెడితే? నా నోట్లోంచి నాకు తెలీకుండానే సత్తెయ్య మాట వచ్చింది, చిలక దాచిన మాట.

"అమ్మగారు ముందే బయల్దేరిపోయారండయ్యగారూ. ఇంటికెళ్తే ఉంటారు."

"అలాగా," అని నిట్టూర్చారు. బండి కదలదు, నేనెక్కాలి.

"నన్ను కూడా అటే కాస్త దింపుతారా అండి?" అన్నాను.

"అయ్యో, దానికేం. ఎక్కండమ్మా." నన్ను వెనక కూర్చోమన్నారు. తుడిచిన సీటు ఖాళీగానే ఉంచారు. బండి మాత్రం నన్ను గుర్తుపట్టి వెంటనే బయల్దేరింది.

ఇంటి ముందు ఆగగానే గబగబా దిగి, పక్క సందులోంచి పెరటి తలుపు తీసుకుని లోపలికెళ్ళాను. బ్యాగు పొయ్యి గట్టు కింద పడేసి, కొంగుతో మొహం తుడుచుకుని, వీధి తలుపు తీశాను.

"వచ్చారా?"

ఆయన మొహం వెలిగింది. "ముందే వచ్చేశావంటగా రత్నం," అన్నారు, నా చెయ్యి పట్టుకుని. లోపలికొచ్చి కూర్చున్నాక కూడా వీధి వైపే చూస్తున్నారు.

"ఏమిటండి?"

"గేటు కాడ ఒకావిడ ఉంది. తడిసిపోయి ఉంది. మన బండిలో తెచ్చి దింపాను," అన్నారు. "పాపం, ఆవిడ కోసం ఎవరూ రాలేదు."